ఎవరు పిలిచినా వెళ్లిపోతోంది! – పిల్లల డాక్టరమ్మ జవాబులు

ప్రశ్న: ఏడాది క్రితం శిశుగృహ నుంచి పాపను దత్తత తీసుకున్నాం. అప్పుడు రెండేళ్ల నాలుగు నెలలు. ఇప్పుడు మూడున్నరకు దగ్గరపడింది. చలాకీగానే ఉంటుంది, మాటలు కాస్త ఆలస్యం. బాధేమిటంటే, కూరగాయల బండి అతను చేయి చాపినా చంకెక్కేస్తుంది. మెట్ల మీద పడి మోకాలు చెక్కుకుపోయినా ఏడవదు, నా దగ్గరకు రాదు. కడుపు నిండా తిన్నాక కూడా ఇడ్లీ ముక్క గుప్పిట్లో పట్టుకుని నిద్రపోతుంది. దిండు గలీబులో బిస్కెట్లు దొరుకుతుంటాయి. ‘ఎంత చేసినా పరాయి రక్తమే’ అంటున్నారు మా అత్తగారు. చిన్నప్పుడు దగ్గరకు తీసుకునేవాళ్లు లేకపోతే మెదడు దెబ్బతింటుందని చదివాను. బ్రెయిన్ స్కాన్ తీయించమంటారా?
– ఒక అమ్మ, ఏలూరు

జవాబు: స్కాన్ వద్దమ్మా. ఎమ్మారై ఫిల్ము లైటుకు పెట్టి ‘ఈ పిల్లను చిన్నప్పుడు ఎవరూ ఎత్తుకోలేదు’ అని చెప్పగల డాక్టరు ఎక్కడా లేడు. పరిశోధనల్లో చెప్పే తేడాలు పదుల మంది పిల్లల సగటులను పక్కపక్కన పెడితే తేలేవి. ఒక్క పిల్ల ఫిల్ములో వెతికితే దొరకవు. ఆ డబ్బులో కొంత పెట్టి చెవుల పరీక్ష, హిమోగ్లోబిన్, థైరాయిడ్ చేయించండి. మాటలు ఆలస్యమైన ఏ పిల్లకైనా ముందు చెవి చూడాలి. ‘దత్తత పిల్ల కదా, అందుకే అయ్యుంటుంది’ అనుకుని చెవి సంగతే మరిచిపోయిన ఇళ్లు నాకు తెలుసు.

ఇక అసలు సంగతి. ప్రభుత్వాసుపత్రిలో పనిచేసిన రోజుల నుంచీ నేను శిశుగృహలకు పిల్లల్ని చూడటానికి వెళ్తున్నాను. బాగా నడిచేవే ఎక్కువ. నేల తళతళలాడుతుంది, టీకాలు తప్పవు, బరువుల రిజిస్టరు పక్కాగా ఉంటుంది. కానీ పాల వేళకు వెళ్లి ఓ పక్కన నిలబడి చూడండి. ఒక ఆయమ్మ, అరడజను మంది చంటివాళ్లు. ఆవిడ మాత్రం ఎన్ని చేతులతో చేస్తుంది? చుట్టిన తువ్వాలు మీద సీసా ఆనించి, పీక నోట్లో పెట్టి, పక్క ఉయ్యాలకు వెళ్తుంది. సీసా జారిపోతుంది. పిల్ల తల ఇటూ అటూ తిప్పి వెతుక్కుంటుంది. అందకపోతే పైన ఫ్యాను వంక చూస్తూ ఊరుకుంటుంది. మన ఇళ్లలో ఆ వయసు పిల్ల అయితే ఈపాటికి వీధి వీధంతా వినిపించేలా గుక్కపట్టి ఉండేది. ఇక్కడ చప్పుడు లేదు. ఏడిస్తే ఎవరో ఒకరు వస్తారని తెలిసిన పిల్లే ఏడుస్తుంది. మధ్యాహ్నం డ్యూటీ మారుతుంది. పొద్దుటి ముఖం పోయి ఇంకో ముఖం వస్తుంది, రాత్రికి మరొకటి. చేయి చాపినవాళ్ల దగ్గరకల్లా వెళ్లిన పిల్లకు ఆ రోజు నాలుగు నిమిషాలు ఎక్కువ ఒళ్లు దొరుకుతుంది. దొరికిన తిండి దాచుకున్న పిల్ల తెలివైన పిల్ల.

మీ పాప చేసే మూడు పనులూ అక్కడ సరైనవే. అక్కడ బతకడానికి ఏం కావాలో మెదడు అదే నేర్చుకుంది. ఇల్లు మారిందన్న సంగతి ఆ మెదడు ఇంకా పూర్తిగా నమ్మలేదు, అంతే.

రక్తం మాట మీ అత్తగారు ఎత్తారు కాబట్టి రుమేనియా సంగతి చెప్తాను, ఆవిడకు చదివి వినిపించండి. ఆ దేశాన్ని ఏలిన చౌషెస్కు 1966లో గర్భస్రావాన్ని నిషేధించాడు. జనాభా పెరగాలని ఆయన తాపత్రయం. పెంచలేని తల్లిదండ్రులు పిల్లల్ని సర్కారు శరణాలయాల్లో వదిలేశారు. 1989 చివర్లో ఆయన ప్రభుత్వం కూలేనాటికి అలాంటి పిల్లలు లక్షకు పైనే. 2000 ప్రాంతంలో చార్లెస్ నెల్సన్, నేథన్ ఫాక్స్, చార్లెస్ జీనా అనే ముగ్గురు అమెరికన్ శాస్త్రవేత్తలు ఆ దేశ రాజధాని బుఖారెస్టు శరణాలయాల్లో 136 మంది పిల్లల్ని ఎంచుకున్నారు. ఆరు నెలల నుంచి 31 నెలల లోపు వాళ్లు. చీట్లు వేసినట్టు వేసి సగం మందిని పెంపుడిళ్లకు పంపారు. మిగతా సగం మంది మాటేమిటి, అది అన్యాయం కాదా అని నాకూ అనిపించింది. అప్పటికి ఆ ఊళ్లో పెంపుడు కుటుంబాల ఏర్పాటన్నదే దాదాపు లేదు. వీళ్లే కుటుంబాలను వెతికి, జీతాలిచ్చి నిలబెట్టారు. మిగిలినవాళ్లలో ఎవరికైనా ఇల్లు దొరికితే వెళ్లనిచ్చారు, ఆపలేదు.

నాలుగున్నరేళ్ల వయసులో తెలివితేటల పరీక్ష పెడితే, శరణాలయం వంతుకు వచ్చిన గుంపు సగటు 73. పెంపుడిళ్లకు వెళ్లినవాళ్లది 81. పుట్టినప్పటి నుంచీ ఇళ్లలోనే పెరిగిన ఊరి పిల్లలది 109. తలకు తీగలు అంటించి మెదడు తరంగాలు కొలిస్తే, రెండేళ్ల లోపే ఇల్లు దొరికినవాళ్లవి ఎనిమిదేళ్లు వచ్చేసరికి మామూలు పిల్లల తరంగాల్లాగే ఉన్నాయి. ఆ పెంపుడు తల్లులెవరికీ ఆ పిల్లలతో రక్తసంబంధం లేదమ్మా. రోజూ అదే ముఖం, అదే గొంతు ఇచ్చారు, అంతే. ఇది మీ అత్తగారికి.

‘మా పాప వచ్చేసరికి రెండేళ్లు దాటిపోయాయే’ అని మీరు లెక్క వేసుకుంటారని తెలుసు. ఆ రెండేళ్ల గీత కూడా సగటుల్లోంచి తేలిందే, దాటితే తలుపు మూసేసే గేటు కాదు. రుమేనియా నుంచి ఇంగ్లండుకు దత్తత వెళ్లిన పిల్లల్ని మైకేల్ రటర్ అనే మానసిక వైద్యుడి బృందం పెద్దయ్యేదాకా చూసింది. ఆరు నెలల లోపు శరణాలయం దాటినవాళ్లు దాదాపు మామూలుగా పెరిగారు. ఆ తర్వాత వచ్చినవాళ్లలో చాలామందికి కొత్తాపాతా లేకుండా అందరితో కలిసిపోవడం, దృష్టి నిలవకపోవడం లాంటివి మిగిలాయి. అయితే వాళ్లలోనూ అయిదుగురిలో ఒకరికి పెద్దయ్యేదాకా ఏ ఇబ్బందీ కనబడలేదు. తెలివితేటల్లో వెనకబడిన పిల్లలు కూడా పెద్దయ్యేసరికి చాలావరకు అందుకున్నారు. నిజం దాచను, ఎవరితో పడితే వారితో వెళ్లిపోయే గుణం మాత్రం మొండిది. నిమ్ టాటెన్‌హామ్ అనే శాస్త్రవేత్త బృందం స్కానర్లో పిల్లలకు తల్లి ఫొటో, పరాయి ఆడమనిషి ఫొటో చూపించింది. మెదడు లోపల బాదంగింజ ఆకారంలో అమిగ్డలా అని ఒక భాగం ఉంటుంది, ముఖ్యమైనదేదో ఎదురైతే ముందు స్పందించేది అదే. మామూలు పిల్లల్లో అది అమ్మ ముఖానికి ఎక్కువగా, పరాయి ముఖానికి తక్కువగా స్పందించింది. శరణాలయం నుంచి వచ్చిన పిల్లల్లో ఆ తేడా తక్కువ. ఎంత తక్కువైతే అంతగా కొత్తవాళ్లతో చనువు. కూరగాయల బండి అతని చంకెక్కడం వెనక ఉన్నది ఇలాంటిదే కావచ్చు. ‘పాప ఎంత కలుపుగోలుదో’ అని చుట్టాలు మురిసిపోతుంటారు చూడండి, ఆ మెచ్చుకోలు ఆపించండి ముందు.

ఇక ఇంట్లో చేయాల్సింది. కొన్ని నెలలపాటు పాపకు తినిపించడం, నీళ్లు పోయడం, నిద్రపుచ్చడం మీరూ మీ ఆయనా తప్ప ఇంకెవరూ చేయొద్దు. చుట్టాలు పలకరించవచ్చు, ఆడించవచ్చు, ఎత్తుకోవద్దు. అత్తగారికి కష్టంగా ఉంటుంది. ఆవిడకు రోజూ ఒకే వేళకు ఒకే పని అప్పగించండి, సాయంత్రం తల దువ్వడం లాంటిది. పాప పడితే, అది ఏడవకపోయినా సరే, మీరు పరుగెత్తండి. ‘అయ్యో, దెబ్బ తగిలిందా తల్లీ’ అని ఒళ్లో వేసుకుని ఊదండి. దెబ్బ తగిలితే ఏం చేయాలో మీ ముఖం చూసి నేర్చుకోవాల్సిన స్థితిలో ఉంది. బిస్కెట్లు దాస్తే తిట్టొద్దు. మూత ఉన్న చిన్న స్టీలు డబ్బా ఒకటి దానికే ఇవ్వండి, అందే ఎత్తులో పెట్టండి, అది ఎప్పుడూ ఖాళీ కాకుండా చూడండి. చాలా ఇళ్లలో కొన్ని నెలలకు పిల్లలు డబ్బా సంగతే మరిచిపోతారు. జాతరలో, బస్టాండులో మాత్రం చేయి వదలొద్దు. పరాయివాళ్లంటే మామూలు పిల్లకు ఉండే బెరుకు దీనికి ఇంకా రాలేదు, ఆ కాపలా మీరే.

ఏదో ఒకరోజు కింద పడి, గట్టిగా ఏడ్చి, అందరినీ దాటుకుని మీ దగ్గరకే వస్తుంది. ఆ రోజు నాకో ఉత్తరం ముక్క రాయండి.

ప్రశ్న: నమస్కారమండి. బాబుకు ఏడాదిన్నరప్పుడు కువైట్ వెళ్లానండి, ఒకరింట్లో వంటపనికి. అప్పు తీర్చుకుని మొన్న సంక్రాంతికి వచ్చేశాను. ఇప్పుడు వాడికి నాలుగేళ్లు. మా అమ్మను ‘అమ్మా’ అంటాడు, నన్ను పేరు పెట్టి పిలుస్తాడు. రాత్రిళ్లు నా పక్కలో పడుకోమంటే ఏడుస్తూ అమ్మమ్మ దగ్గరకు పారిపోతాడు. డబ్బు కోసం పిల్లాడిని వదిలేసిందని ఊళ్లో అంటున్నారండి. వాడి మనసు పాడైపోయిందాండి? కొన్నాళ్లు మా అమ్మను అన్నయ్య వాళ్లింటికి పంపేస్తే నాకు అలవాటవుతాడని మా ఆయన అంటున్నారు.
– అమలాపురం దగ్గరి నుంచి

జవాబు: మీ అమ్మగారిని పంపొద్దమ్మా, ఎట్టి పరిస్థితుల్లోనూ పంపొద్దు. మీ వాడికి మనసు పాడవలేదు. ఏడుస్తూ ఒక మనిషి దగ్గరకు పారిపోతున్నాడంటే వాడికి ఒక మనిషి ఉందన్నమాట. పై ఉత్తరంలో పాపకు లేనిది అదే. మీరు లేని రెండున్నరేళ్లలో మీ అమ్మగారు పిల్లాడి మెదడుకు కావలసిందంతా పెట్టారు. దానికి మీరు ఆవిడ కాళ్లకు దండం పెట్టాలి.

ఇప్పుడు ఆవిడను పంపేస్తే ఏమవుతుందో చూడండి. ఒకసారి అమ్మ వెళ్లిపోయింది, ఇప్పుడు ‘అమ్మ’ అనుకున్న మనిషీ వెళ్లిపోయింది. 1950ల్లో ఇంగ్లండులో ఆసుపత్రిలో చేరిన పిల్లల్ని తల్లిదండ్రులు చూడటానికి ఒప్పుకునేవారు కాదు, ఒప్పుకున్నా ఏ కాసేపో. జేమ్స్ రాబర్ట్‌సన్ అనే ఆయన అలాంటి పిల్లల్ని దగ్గరుండి గమనించాడు, రెండేళ్ల పాప ఆసుపత్రిలో గడిపిన ఎనిమిది రోజులను 1952లో సినిమా తీసి డాక్టర్లకు చూపించాడు. ఆయన గమనించిన క్రమం ఇది. పిల్లలు మొదట గోలపెడతారు. తర్వాత నీరసపడి మూలన కూర్చుంటారు. ఆ తర్వాత ఆడుకుంటారు, తింటారు, నర్సులు ‘అలవాటు పడ్డాడు’ అనుకుంటారు. తల్లి వచ్చేసరికి మాత్రం ముఖం తిప్పుకుంటారు. డాక్టర్లు ఆయన మీద మండిపడ్డారు కానీ, చివరికి 1959లో అక్కడి ప్రభుత్వ కమిటీయే తల్లిదండ్రులను లోపలికి రానివ్వాలని సిఫారసు చేసింది. మీ ఆయన చెప్పిన ఉపాయంతో వచ్చే ‘అలవాటు’ ఆ మూడో మెట్టు లాంటిది.

మీ అమ్మగారే మిమ్మల్ని వాడికి ఇవ్వాలి. నీళ్లు పోసేటప్పుడు ఆవిడ పోస్తుంటే మీరు సబ్బు అందించండి. కొన్నాళ్లకు మీరు పోయండి, ఆవిడ పక్కన పీట మీద కూర్చుంటారు. రాత్రి వాడు ఆవిడ పక్కలోనే, మీరు అదే గదిలో ఇంకో పక్కన. పేరు పెట్టి పిలిస్తే పిలవనివ్వండి, పలకండి. ‘నేను రా మీ అమ్మని’ అని రోజూ వాడి నోట అనిపించే ప్రయత్నం వద్దు. అలుగుతాడు, తోస్తాడు, ఒక్కోసారి కొడతాడు కూడా. అప్పుడు మీరు గదిలోంచి వెళ్లిపోకుండా అక్కడే ఉండటం ముఖ్యం. ఇంకో ఏడాదికి మళ్లీ వెళ్లే ఆలోచన ఉంటే, వెళ్లే ముందు వాడికి చెప్పి వెళ్లండి, నిద్రపోతుండగా వెళ్లొద్దు.

ఊళ్లో వాళ్ల మాటా? అప్పిచ్చినవాళ్లలో వాళ్లూ ఉండే ఉంటారు. వదిలేయండి.

ప్రశ్న: మా బావ తాగొచ్చి అక్కను కొట్టేవాడు, అడ్డం పోతే పిల్లాడిని కూడా. ఆరు నెలల నుంచి అక్క, మేనల్లుడు మా ఇంట్లోనే ఉంటున్నారు. బాబుకు తొమ్మిదేళ్లు. తలుపు గట్టిగా పడితే మంచం కిందికి పోతడు. బడిలో మనసు పెట్టడని, తోటి పిల్లలు ఊరికే చూసినా కొట్లాటకు పోతడని టీచర్ అంటున్నది. ఇప్పుడు బావ వచ్చి పిల్లాడిని పంపమని గొడవ చేస్తున్నడు.
– ఒక మేనమామ, వరంగల్

జవాబు: తమ్ముడూ, ముందు చివరి మాటకు జవాబు. పిల్లాడిని పంపొద్దు. మీ జిల్లాలో బాలల సంక్షేమ కమిటీ ఉంటుంది, వాళ్లకు కాగితం రాసివ్వండి. బావ మళ్లీ వచ్చి గొడవ చేస్తే పిల్లాడి కోసం పిల్లల హెల్ప్‌లైన్ 1098కి, అక్క కోసం మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి. ఇంట్లో గోడకు రాసి పెట్టుకోండి.

పిల్లాడు మనసు పెట్టడం లేదని టీచర్ అనుకుంటున్నారు. వాడు మనసు పెడుతున్నాడు, ఆమె చూడమన్న చోట కాదు. అమెరికాలో సేథ్ పొలాక్ అనే మానసిక శాస్త్రవేత్త ఒక ప్రయోగం చేశాడు. కంప్యూటర్ తెర మీద మసకగా ఉన్న ముఖం కొంచెం కొంచెంగా తేటపడుతుంటుంది, అది ఏ ముఖమో పిల్లలు చెప్పాలి. దెబ్బలు తిన్న పిల్లలు కోపంగా ఉన్న ముఖాన్ని మిగతా పిల్లలకన్నా ముందే, ఇంకా మసకగా ఉండగానే పట్టేశారు. తండ్రి అడుగుల చప్పుడును బట్టి ఈ రాత్రి ఎలా ఉంటుందో లెక్కకట్టిన పిల్లాడికి ఆ నైపుణ్యం రాకుండా ఎలా ఉంటుంది? అదే బడికి వచ్చేసరికి, కోపం లేని చోట కూడా కోపం కనపడుతుంది. పక్కవాడు ఊరికే చూసినా వీడి చేయి లేస్తుంది.

పైన ఏలూరు పాపకు జరిగినదీ, వీడికి జరిగినదీ ఒకటి కాదు. అక్కడ అందాల్సింది అందలేదు, ఇక్కడ పడకూడనిది పడింది. అందనప్పుడు మాటలు, చదువు, ఆలోచన వెనకబడటం ఎక్కువ. దెబ్బలు పడినప్పుడు భయానికి సంబంధించిన భాగాలు అతిగా పనిచేయడం ఎక్కువ. మందు కూడా ఒకటి కాదు. వీడికి ముందు కావలసింది రేపు ఏం జరుగుతుందో తెలియడం. లేచే వేళ, తినే వేళ, ఎవరు బడికి తీసుకెళ్తారు, ఇవి మారకూడదు. క్లాసులో వెనక గోడ ఉన్న బెంచీ ఇమ్మని టీచర్‌ను అడగండి, వీపు వెనక ఎవరూ లేకపోతే వీడి తల పుస్తకం వైపు తిరుగుతుంది. మీరు కూడా సరదాకైనా చేయి పైకెత్తొద్దు. వరంగల్‌లో పెద్దాసుపత్రి ఉంది, మానసిక వైద్య విభాగంలో చూపించండి. పోలేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీమానస్ 14416, తెలుగులోనే మాట్లాడతారు. అక్కను కూడా చూపించండి. ఆమె నిద్రపోతే సగం పని అయినట్టే.

ప్రశ్న: మాకు పిల్లల్లేరు. నాకు 47, నా భార్యకు 44. దత్తతకు నాలుగేళ్లు దాటిన పిల్లలే వస్తారని చెప్పారు. అప్పటికే మెదడు ఎదుగుదల అయిపోయి ఉంటుందిగా? ఇంకా చిన్న పాప దొరికే దారి లేదా?
– హైదరాబాద్

జవాబు: లేదండీ. మీ ఇద్దరి వయసూ కలిపితే 91. దత్తత నిబంధనల ప్రకారం రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకైతే దంపతుల వయసు మొత్తం 90 దాటకూడదు. నాలుగు నుంచి ఎనిమిదేళ్ల వాళ్లకైతే 100 దాకా ఒప్పుకుంటారు. అడ్డదారిలో ‘ఆసుపత్రి నుంచి తెచ్చిస్తాం’ అనేవాళ్లు తగులుతారు, వాళ్ల జోలికి పోతే జైలు.

మెదడు ఎదుగుదల నాలుగేళ్లకు అయిపోదు, ఇరవై దాటాక కూడా సాగుతుంది. మెగన్ గన్నార్ అనే ఆవిడ ఒత్తిడి హార్మోను కార్టిసాల్ మీద జీవితమంతా పనిచేసింది. శరణాలయాల నుంచి దత్తత వచ్చిన పిల్లల్లో, ఒత్తిడి ఎదురైనప్పుడు పెరగాల్సిన ఆ హార్మోను సరిగ్గా పెరగదు. పెంచి పెంచి విసిగిపోయిన వ్యవస్థ అన్నమాట. మంచి ఇంట్లో ఏళ్లు గడిచినా అది మారలేదు. కానీ ఈడేరే వయసు ముదిరేకొద్దీ మామూలు పిల్లల తీరుకు వచ్చిందని ఆమె బృందం 2019లో ప్రచురించింది. అంటే అయిదేళ్ల పిల్లకు మీ ఇంట్లో ఇంకో అవకాశం మిగిలే ఉంది. మీకు మాత్రం ఓపిక కావాలి, ఆ వయసు దాకా.

పిల్లను తెచ్చుకునే రోజున శిశుగృహ వాళ్లను అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. ఏ ఆయమ్మ దగ్గర ఎక్కువగా ఉండేది, ఏ పేరుతో పిలిచేవారు, ఏ వైపు తిరిగి పడుకుంటుంది, అన్నంలో ఏం కలిపితే తింటుంది. కప్పుకునే దుప్పటి ఉంటే ఉతక్కుండా ఇమ్మనండి. ఆ ఆయమ్మతో ఫొటో తీయించి ఇంట్లో పెట్టండి. పేరు మార్చాలన్న తొందర వద్దు. మీ చుట్టాలంతా వచ్చి చూసే ఫంక్షను ఆరు నెలలు వాయిదా వేయండి.

దత్తత కోసం ప్రభుత్వం నడిపే కేరింగ్స్ వెబ్‌సైటులో ఇప్పుడే నమోదు చేయించండి. వయసు లెక్క నమోదు చేసిన తేదీ నాటిదే చూస్తారు. ఆలోచిస్తూ కూర్చుంటే ఆ మొత్తం ఏడాదికి రెండేళ్ల చొప్పున పెరుగుతుంది.